పెళ్లి కుదిరింది, నా ల్యాబు పనంటేనే కాబోయే అత్తయ్యకు భయం

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక అమ్మాయి పెద్ద ఉత్తరం రాసింది. పేరు వెయ్యొద్దంది. నాగార్జున యూనివర్సిటీలో బయోటెక్నాలజీ ఎమ్మెస్సీ చేసి, ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక పరిశోధన సంస్థలో పీహెచ్‌డీ చేస్తోంది. వైరస్ పైపొర మీద ఉండే ప్రొటీన్లు మన కణం పొరను ఎలా పట్టుకుంటాయి, ఆ రెండు పొరలూ ఎలా ఒకటైపోతాయి అన్నది ఆమె పరిశోధన. విజయవాడ సత్యనారాయణపురం అబ్బాయితో పెళ్లి కుదిరింది. అబ్బాయిది బ్యాంకు ఉద్యోగం. తాంబూలాలు పుచ్చుకున్నారు, మాఘంలో ముహూర్తం పెట్టుకున్నారు. పెళ్లయ్యాక అబ్బాయి హైదరాబాద్‌కు బదిలీ చేయించుకుంటాడు, వాళ్లమ్మగారు కూడా వీళ్ల దగ్గరే ఉంటారు. ఆవిడ లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యారు.

పెళ్లి చీరలకని అందరూ కలిసి బీసెంట్ రోడ్డుకు వెళ్లిన రోజున మొదలైంది గొడవ. "ఇంతకీ ల్యాబులో ఏం చేస్తావమ్మా?" అని ఆవిడ ప్రేమగానే అడిగారు. "కోవిడ్ వైరస్ స్పైక్ ప్రొటీన్ మీద పని చేస్తున్నానత్తయ్యా, అది కణంలోకి ఎలా దూరుతుందో చూస్తాం" అని ఈ పిల్ల ఉత్సాహంగా చెప్పింది. ఆవిడ చూస్తున్న చీరను మడత విప్పింది విప్పినట్టే వదిలేశారు. కాసేపటికి హ్యాండ్‌బ్యాగులోంచి శానిటైజర్ తీసి, అంతకు ముందు ఈ అమ్మాయి పట్టుకున్న చేతికి మోచేతి దాకా రాసుకున్నారు. ఇవాళ ఏ చీరా నచ్చలేదంటూ ఇంటికి వెళ్లిపోయారు.

ఆవిడ భర్త 2021 మే నెలలో కోవిడ్‌తో పోయారు. ఈ సంగతి అమ్మాయికి తెలుసు, కానీ ఆ క్షణంలో గుర్తుకు రాలేదు. వారం తిరక్కుండా అబ్బాయి మేనమామ ద్వారా కబురొచ్చింది: ఆ పని మానేసి ఇంకో ఉద్యోగం చూసుకుంటే సరే, లేదంటే ఆలోచించుకోవాలి. "రోజూ వైరస్ ముట్టుకున్న చేత్తో నాకు అన్నం పెడుతుందా? రేపు కడుపుతో ఉంటే ఆ బిడ్డ సంగతేంటి?" అని ఆవిడ అడిగారట. నాన్నగారు బీఈడీ చేసి టీచరైపొమ్మంటున్నారు. అమ్మ, ముందు పెళ్లి కానివ్వు, తర్వాత చూసుకుందాం అంటోంది. అబ్బాయేమో "మానేశానని మా అమ్మకు చెప్పెయ్, నీ పని నువ్వు చేసుకో" అన్నాడు. చివర్లో ఆ అమ్మాయి ఇలా రాసింది: "ఎవరికీ చెప్పలేదు గానీ మేడం, ఈ గొడవలో ఒక్కోసారి నాకే భయం వేస్తోంది. నేనేమైనా పొరపాటు చేస్తున్నానా?"

అమ్మాయ్,

ముందు ఆ శానిటైజర్ సంగతి చెప్తాను. ఉత్తరంలో మళ్లీ మళ్లీ దాని దగ్గరికే వచ్చావు, నిన్ను బాగా నొప్పించినట్టుంది. నలుగురిలో ముట్టుకోకూడని మనిషిని చేసినట్టు అనిపించి ఉంటుంది. కానీ ఆవిడ చేసిన దాంట్లో సైన్సు ప్రకారం తప్పేమీ లేదు. కరోనా, ఫ్లూ, డెంగీ, హెచ్‌ఐవీ లాంటి వైరస్‌ల పైపొర కొవ్వుతో తయారైంది. ఆ పొర వాటి సొంతం కూడా కాదు, కణంలోంచి పుట్టి బయటికొచ్చేటప్పుడు ఆ కణం నుంచే చుట్టబెట్టుకొచ్చింది. ఆల్కహాలో సబ్బో తగిలితే అది చెదిరిపోతుంది. పొర చెదిరితే దాంట్లో నాటుకుని ఉన్న స్పైకులకు, అంటే కణాన్ని పట్టుకునే ప్రొటీన్లకు, ఆధారం పోతుంది, ఇక అది ఏ కణంలోకీ దూరలేదు. నీ ల్యాబులో బల్ల తుడిచేది కూడా 70 శాతం ఆల్కహాలుతోనే కదా. 2020లో మనందరికీ పట్టుబడిన అలవాటు అది, భయం వెయ్యగానే ఆవిడ చెయ్యి దానంతటదే ఆ పని చేసింది. అందులో నీ మీద అసహ్యం ఉందని నాకు అనిపించలేదు.

నీ ఉత్తరంలో మూడు సంగతులు కలగలిసిపోయి ఉన్నాయి. నీ పనిలో నిజంగా ఎంత ప్రమాదం ఉంది, ఆవిడ దుఃఖం ఏమిటి, నీ చదువు గురించి నిర్ణయం ఎవరిది. మీ నాన్నగారు, మేనమామగారు, ఆ అబ్బాయి అందరూ మూడోదాని గురించే మాట్లాడుతున్నారు. ఆవిడ అడిగింది మాత్రం మొదటిది. దానికి ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు. నువ్వు ఫోనులో "ఏం ఫర్వాలేదత్తయ్యా, అంతా సేఫే" అన్నానని రాశావు. అది జవాబు కాదమ్మా. 2021 మేలో హాస్పిటల్ వరండాలో ఆవిడతో ఎంతమంది "ఏం ఫర్వాలేదు" అని ఉంటారో ఒక్కసారి ఆలోచించు.

కాబట్టి ముందు ప్రమాదం సంగతే చూద్దాం. నీకూ భయం వేస్తోందన్నావు గనక ఇది నీ కోసం కూడా.

నువ్వు సూడోవైరస్‌లతో పని చేస్తున్నానని రాశావు. ఈ మాట తెలియని పాఠకుల కోసం చెప్తున్నాను: అది లోపల వేరే వైరస్ గుల్ల, పైన మాత్రం కరోనా స్పైక్. మళ్లీ పిల్ల వైరస్‌లను పుట్టించడానికి కావలసిన ముఖ్యమైన జన్యువులను ముందే తీసేసి ఉంచుతారు. అది ఒక కణంలోకి ఒక్కసారి దూరగలదు, అక్కడితో ఆగిపోతుంది. దూరిందో లేదో తెలియడానికి మిణుగురు పురుగులో వెలుగు పుట్టించే ఎంజైము జన్యువును అందులో పెడతారు. దూరిన కణాలకు ఆ ఎంజైము పని చెయ్యడానికి కావలసిన రసాయనం చుక్క వేస్తే వెలుగుతాయి, ఆ వెలుగును యంత్రం కొలుస్తుంది. నువ్వు చేసే రెండో రకం ప్రయోగంలో వైరసే లేదు. కొన్ని కణాల మీద స్పైక్, ఇంకొన్నింటి మీద అది పట్టుకునే ఏసీఈ2 అనే ప్రొటీన్ ఉండేలా చేసి రెంటినీ కలిపి పెంచుతారు. కొన్ని గంటల్లో పక్కపక్క కణాల పొరలు కలిసిపోతాయి. మైక్రోస్కోపు కింద ఒకే పెద్ద కణం, దాని మధ్యలో గుంపుగా చేరిన కేంద్రకాలు కనిపిస్తాయి. బీసెంట్ రోడ్డులో నువ్వు చెప్పబోయింది ఇదే అయి ఉంటుంది. మొదటిసారి చూసినవాళ్లు ఎవరైనా కళ్లు తిప్పుకోలేరు, నీ ఉత్సాహం నాకు అర్థమవుతుంది.

ఇలాంటి పని రెండో స్థాయి బయోసేఫ్టీ ల్యాబులో చేస్తారు. ప్రాణమున్న కరోనా వైరస్‌ను పెంచాలంటే మూడో స్థాయి కావాలి, అక్కడ గాలి కూడా వడపోత దాటకుండా బయటికి రాదు. నిపా లాంటివాటికి నాలుగో స్థాయి, అలాంటిది పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థలో ఉంది. మూడో స్థాయి ల్యాబులో నువ్వు ఎప్పుడూ అడుగు పెట్టలేదని రాశావు. ఆవిడకు తెలియాల్సింది ముందు ఇదే. నువ్వు రోజూ కోవిడ్ వైరస్‌నే చేత్తో పట్టుకుంటున్నావని ఆవిడ అనుకుంటున్నారు. నువ్వు చెప్పిన వాక్యం వింటే ఎవరైనా అలాగే అనుకుంటారు.

ప్రమాదం సున్నా అని మాత్రం అనొద్దు. సూది గుచ్చుకోవచ్చు, ద్రవం చిందొచ్చు. అందుకే కదా గ్లవ్సు, కోటు, క్యాబినెట్, చేతులు కడుక్కోవడం, వాడినవన్నీ ఆటోక్లేవ్‌లో వేసి వేడి ఆవిరితో శుద్ధి చెయ్యడం. ఆ కోటు, గ్లవ్సు ఇంటికి రావని చెప్పు. మెడికల్ కాలేజీలో మైక్రోబయాలజీ చెప్పిన రోజుల్లో టీబీ ల్యాబులో పని చేసే అమ్మాయిల ఇళ్ల నుంచి నాకు ఇవే ప్రశ్నలు వచ్చేవి. "ప్రమాదమే లేదు" అన్న మాటను ఎవరూ నమ్మలేదు. "ఇదీ ప్రమాదం, దానికి ఇదీ మేం చేసేది" అంటే చాలామంది తల్లులు తేలికపడేవాళ్లు. నిజానికి అసలు ఫ్లూ, అసలు కరోనా నీకు ఎదురయ్యే అవకాశం ఎక్కువగా ఉండేది హైదరాబాద్ నుంచి నువ్వు ఇంటికొచ్చే కిక్కిరిసిన బస్సులో.

ఇక నీ పని ఎందుకన్నది. ఆవిడ లెక్కల టీచరు, వివరంగా చెబితే పట్టుకోగలరు. ఆవిడ అడిగితేనే చెప్పు, కానీ చెబితే ఇలా మొదలుపెట్టొచ్చు.

కణం పొర, వైరస్ పొర రెండూ కొవ్వు పొరలే అయినా పక్కపక్కన పెట్టినంత మాత్రాన కలవవు. రెండింటినీ అంటిపెట్టుకుని నీటి అణువులు ఉంటాయి, దగ్గరికి తోసేకొద్దీ అవి ఎదురు తోస్తాయి. ఆ అడ్డు దాటాలంటే బలం కావాలి. వైరస్‌కు సొంతంగా శక్తి పుట్టించుకునే ఏర్పాటేదీ లేదు. అందుకని ఆ బలాన్ని తన ప్రొటీన్ మడతల్లోనే ముందుగా దాచి తెచ్చుకుంటుంది. వేడి తగలగానే వడ్లగింజ పేలమైనట్టు, సరైన సూచన అందగానే ఆ ప్రొటీన్ ఒక్కసారిగా విచ్చుకుంటుంది. పేలం మళ్లీ గింజ కాదు, ఈ ప్రొటీనూ అంతే, వెనక్కి మడుచుకోదు.

ఆ సూచన ఒక్కో వైరస్‌కు ఒక్కో తీరు. ఫ్లూ వైరస్‌ను కణమే చిన్న సంచిలో చుట్టి లోపలికి తీసుకుంటుంది. ఆ సంచిలో ఆమ్లత పెరిగి పీహెచ్ 5 దరిదాపులకు దిగగానే వైరస్ మీదున్న హీమగ్లూటినిన్ అనే ప్రొటీన్ విచ్చుకుంటుంది. మన గుంటూరు, విజయవాడల్లో వానాకాలం వస్తే ఇంటింటా భయపడే డెంగీదీ ఇదే దారి. దాని మీద 180 ప్రొటీన్లు జంటలు జంటలుగా పడుకుని ఉంటాయి, ఆమ్లం తగలగానే మూడేసి చొప్పున కలిసి లేచి నిలబడతాయి. హెచ్‌ఐవీకి ఆమ్లంతో పని లేదు, కణం మీద సీడీ4 అనే గ్రాహకం (వైరస్ పట్టుకునే ప్రొటీన్), ఆ తర్వాత ఇంకో గ్రాహకం తగిలితే చాలు. కరోనా స్పైక్‌కు గ్రాహకం తగలడంతో పాటు మన ఎంజైములు దాన్ని కొయ్యాలి కూడా.

సూచన అందాక జరిగేది మాత్రం అన్నిట్లోనూ ఇంచుమించు ఒకటే. ప్రొటీన్ లోపల దాగి ఉన్న, కొవ్వులో ఇమిడే గుణమున్న ముక్క బయటికొచ్చి కణం పొరలో నాటుకుంటుంది. ఇప్పుడు ఆ ప్రొటీన్‌కు ఒక కొస వైరస్ పొరలో, ఒక కొస కణం పొరలో. తర్వాత అది మధ్యకు మడత పడుతుంది. రెండు కొసలూ ఒకచోటికి వస్తాయి, వాటితో పాటు రెండు పొరలూ దగ్గరికొస్తాయి. ఒక్కో పొరలో కొవ్వు అణువులు రెండు వరసలుగా ఉంటాయి. మొదట ఎదురెదురుగా ఉన్న వరసలు కలుస్తాయి, ఆ తర్వాత రెండో వరసలు, అప్పుడు చిన్న రంధ్రం పడి వైరస్ జన్యుపదార్థం లోపలికి వెళ్లిపోతుంది.

విచ్చుకోక ముందు, విచ్చుకున్న తర్వాత అన్న ఈ తేడా ఎంత ముఖ్యమో 1960ల్లో తెలియదు. అప్పట్లో అమెరికాలో పసిపిల్లల ఊపిరితిత్తులను పట్టే ఆర్‌ఎస్‌వీ అనే వైరస్‌కు ఫార్మలిన్‌తో చంపిన వైరస్‌తో టీకా చేశారు. ఆ టీకా వేయించుకున్న పిల్లలకు తర్వాత అసలు వైరస్ సోకినప్పుడు జబ్బు మామూలు కంటే ఎక్కువైంది. ఇద్దరు పిల్లలు చనిపోయారు. దానికి కారణాలు ఒకటి కాదు, కానీ ఆ టీకాలోని ప్రొటీన్ చాలావరకు విచ్చుకుపోయిన రూపంలో ఉందని, వైరస్‌ను గట్టిగా ఆపే యాంటీబాడీలు దాంతో సరిగా పుట్టలేదని తర్వాత తేలింది. 2013లో జేసన్ మెక్‌లెల్లన్, పీటర్ క్వాంగ్, బార్నీ గ్రాహమ్ బృందం విచ్చుకోక ముందటి రూపం ఎలా ఉంటుందో చూసి, ప్రొటీన్‌ను ఆ రూపంలోనే నిలబెట్టగలిగింది. ఆ పని మీద నిలబడి 2023లో ఆర్‌ఎస్‌వీ టీకాలకు అమెరికాలో అనుమతి వచ్చింది. వాటిలో ఒకటి గర్భిణులకు వేసేది. తల్లిలో పుట్టిన యాంటీబాడీలు మాయ (ప్లాసెంటా) గుండా బిడ్డకు చేరి, పుట్టిన మొదటి నెలల్లో కాపాడతాయి. "కడుపుతో ఉంటే ఆ బిడ్డ సంగతేంటి" అని అడిగిన మనిషికి ఇది తెలియాల్సిన సంగతి.

ఒక జాగ్రత్త. స్పైక్‌లో రెండు చోట్ల ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం (ప్రొటీన్‌లోని చిన్న ముక్క) పెట్టి విచ్చుకోకుండా ఆపే ఒడుపు ఫైజర్, మోడెర్నా కోవిడ్ టీకాల్లో ఉంది. మన దగ్గర ఎక్కువమంది వేయించుకున్న కోవిషీల్డ్‌లో ఆ మార్పు లేదు, కోవాగ్జిన్ చంపిన పూర్తి వైరస్‌తో చేసింది. "మీరు వేయించుకున్న టీకా మా పని వల్లే వచ్చిందత్తయ్యా" అని తొందరపడి అనేశావనుకో, తర్వాత ఎవరో కాదని చెబితే నీ మిగతా మాటలకూ విలువ పోతుంది.

గర్భం గురించి నీ భయానికి వస్తాను. ఇందులో చెయ్యాల్సిన పని ఉంది. జన్యుమార్పిడి ప్రయోగాలు చేసే ప్రతి సంస్థలో బయోసేఫ్టీ కమిటీ ఉండాలని మన దేశంలో నిబంధన. పెళ్లికి ముందే మీ గైడ్‌ను అడుగు: గర్భిణి అయితే ఏ పనులు పక్కన పెట్టాలి, ఎవరికి చెప్పాలి, ఆ నెలల్లో ఏం చెయ్యొచ్చు. నీ ల్యాబులో గర్భిణికి ముందుగా చూసుకోవాల్సింది కొన్ని రసాయనాలు, రేడియోధార్మిక పదార్థాలు ఏవైనా వాడుతుంటే అవి. ఆ నెలల్లో లెక్కలు కట్టడం, పేపరు రాయడం, కంప్యూటరు మీద ప్రొటీన్ ఆకారాలు చూడటం లాంటి పని పెట్టుకునే అమ్మాయిలు ఉన్నారు. భయపడి దాచిపెట్టుకుంటే అది లోపలే పెరుగుతుంది, అడిగితే సగం అక్కడే తీరుతుంది.

ఇంకో సంగతి నువ్వు చదివే ఉంటావు. మాయలో తల్లి రక్తాన్ని ఆనుకుని ఉండే పొర విడివిడి కణాలది కాదు, లెక్కలేనన్ని కణాలు కలిసిపోయి ఏర్పడిన ఒకే పొర. ఆ కణాలను కలిపే ప్రొటీన్లలో ముఖ్యమైనది సిన్సిటిన్. అది ఒకప్పటి రెట్రోవైరస్ (హెచ్‌ఐవీ కూడా ఆ కోవదే) పైపొర ప్రొటీన్. రెండున్నర కోట్ల ఏళ్లకు ముందే మన పూర్వీకుల జన్యువుల్లో చేరి ఉండిపోయింది. మాయ కట్టడంలో దాని పాత్రను 2000లో గుర్తించారు. బిడ్డకు తిండి, ప్రాణవాయువు అందేది ఆ పొర గుండానే. నువ్వు బల్ల మీద చూసే కలయికలాంటిదే ప్రతి తల్లి కడుపులోనూ జరుగుతుంది. నీ పని ఏదో అపశకునమని అనిపించిన రాత్రి ఇది గుర్తు చేసుకో. అత్తయ్యగారికి మాత్రం మొదటి రోజే చెప్పొద్దు, వైరస్ మాట వింటేనే వణుకుతున్న మనిషికి "మీ అబ్బాయి పుట్టింది కూడా ఒక వైరస్ ప్రొటీన్ సాయంతోనే" అంటే ఇంకోలా తగులుతుంది. ఆవిడ నవ్వుతూ నీతో కాఫీ తాగే రోజు వస్తుంది, అప్పుడు చెప్పు.

ఇప్పుడు ఉత్తరంలో నువ్వు మామూలుగా రాసి వదిలేసిన ఒక సంగతి. ఆ రోజుల్లో డాక్టరు రాసిన హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రలు మామగారు కడుపులో తిప్పుతోందని రెండు రోజులకే మానేశారని, "నేను బలవంతంగా మింగించి ఉంటే బతికేవారు" అని ఆవిడ ఇప్పటికీ అంటారని ఆ అబ్బాయి చెప్పాడన్నావు. నీ ఉత్తరం మొత్తంలో నన్ను ఆపేసింది ఈ వాక్యమే. ఎందుకంటే దీనికి జవాబు నీ పరిశోధనలోనే ఉంది.

ఆ మందు కణం లోపలి సంచుల్లో ఆమ్లతను తగ్గిస్తుంది. మొదట్లో ల్యాబుల్లో వాడినవి కోతి మూత్రపిండం నుంచి వచ్చిన కణాలు. వాటిలోకి కరోనా ఆ సంచి దారినే వెళ్లేది, అందుకని మందు వైరస్‌ను ఆపినట్టు కనిపించింది, అందరికీ ఆశ పుట్టింది. మన ఊపిరితిత్తుల కణాల మీద టీఎంపీఆర్‌ఎస్‌ఎస్2 అనే ఎంజైము ఉంది. అది స్పైక్‌ను కణం గుమ్మంలోనే కోసేస్తుంది. వైరస్ సంచి దాకా పోనక్కర్లేకుండా పైపొర దగ్గరే కలిసిపోతుంది, మందుకు ఆపడానికి అక్కడ ఏమీ ఉండదు. ఊపిరితిత్తుల కణాలతో చేసిన ప్రయోగాల్లో ఇది 2020లోనే తేలింది. అదే ఏడాది జూన్‌లో, వేలమంది రోగులతో బ్రిటన్‌లో జరిగిన 'రికవరీ' అనే మందుల పరీక్షలో ఆ మందు ప్రాణాలు కాపాడటం లేదని చెప్పి ఆపేశారు. అయినా మన దగ్గర 2021లో కూడా చీటీల మీద ఉండేది, డాక్టర్లు అప్పటి సూచనల ప్రకారమే రాశారు. పైగా ఆ వేసవిలో మన దగ్గర ఎక్కువగా తిరిగింది డెల్టా. అందులో స్పైక్ 681వ చోట ఒక్క అమైనో ఆమ్లం మారింది, దాంతో ఆ కోత ఇంకా తేలికైంది, కణాలు ఇంకా సులువుగా కలిసిపోయేవి.

అంటే ఆయన మానేసిన మాత్రలు ఆయనను కాపాడేవి కావు. ఆవిడ బలవంతం చెయ్యకపోవడం వల్ల జరిగిందేమీ లేదు. ఇన్నేళ్లుగా ఆవిడ మోస్తున్న ఈ బరువును కాస్తయినా దించగలిగే మాట, ఆ ఇంట్లో కారణంతో సహా చెప్పగలిగేదానివి నువ్వే.

కానీ పెళ్లి నిలబెట్టుకోవడానికి వాదనగా ఈ మాట వాడకు. ఆవిడే ఆయన గురించి మాట్లాడినప్పుడు, మాత్రల సంగతి ఆవిడ నోటి నుంచి వచ్చినప్పుడు చెప్పు. మేలే జరుగుతుందని కూడా నేను చెప్పలేను. కొందరికి పాత గాయం రేగుతుంది, "మరి ఏం చేస్తే బతికేవాళ్లు?" అని అడగొచ్చు. ఆయన కేసు నీకు తెలియదు, తెలియదనే చెప్పు. ఏడిస్తే పక్కన కూర్చో.

ఇక నీ ముందున్న దారులు.

అబ్బాయి చెప్పినట్టు మానేశానని అబద్ధం చెప్పడం ఇవాళ్టికి అన్నిటికంటే తేలిక. ముహూర్తం చెదరదు. కానీ ఆవిడ మీతోనే ఒకే ఇంట్లో ఉంటారు. ఏ రోజో నీకు మామూలు జలుబు వచ్చి, అదే వారంలో నిజం బయటపడితే, ల్యాబు గురించి నువ్వు చెప్పే ఏ వివరమూ ఆవిడ చెవికెక్కదు. ఒకసారి దాచినవాళ్లు ఇంకేం దాస్తున్నారో అనుకుంటారు. భయానికి మందు నమ్మకమే అయినప్పుడు మొదట పోయేది అదే.

పని మానెయ్యడం రెండోది. నాన్నగారి సలహాను నేను తేలిక చెయ్యను, టీచరు పని గొప్పది, ఆవిడా ఆ పనే చేశారు. నీకు లోపల ఎక్కడైనా ఈ పరిశోధన మీద ఇష్టం తగ్గి ఉంటే మానుకోవడంలో తప్పు లేదు. కానీ నీ ఉత్తరంలో ఆ కణాల గురించి రాసిన చోట నీ రాతే మారిపోయింది. ఇంత ఇష్టమున్న పనిని ఎవరూ సరిగా కనుక్కోని ఒక భయం కోసం వదిలేస్తే, ఆ ఇంట్లో ప్రతి చిన్న మాట దగ్గరా అది నీకు గుర్తొస్తుంది. ఆవిడకూ తెలుస్తుంది.

మధ్యలో ఇంకో దారి ఉంది. బల్ల పని తగ్గించి, ప్రొటీన్ ఆకారాల కంప్యూటరు విశ్లేషణ వైపు పరిశోధనను తిప్పుకోవడం. గైడ్ ఒప్పుకుంటే చదువు నిలుస్తుంది, ఇంట్లో భయమూ తగ్గుతుంది. నష్టం ఏమిటంటే, నువ్వు ఇష్టపడి నేర్చుకున్న చేతిపని వెనకబడుతుంది. పైగా నీ పని నిజంగానే ప్రమాదమని నువ్వే ఒప్పుకున్నట్టు అవుతుంది. ఈ దారి పట్టేదానివైతే నీ కోసమే పట్టు.

పెళ్లి వాయిదా అంటే మండపం అడ్వాన్సు, చుట్టాల మాటలు, అన్నీ ఉంటాయి. అమ్మ భయం అదే. కానీ మాఘం పోతే ఫాల్గుణం ఉంది, వైశాఖం ఉంది. మాట తేలకుండా పెళ్లి చేసుకుని ఆ తర్వాత తేల్చుకోవడం కంటే రెండు నెలలు ఆగడం చవక. "ముందు పెళ్లి కానివ్వు" అన్న సలహాలో నాకు అన్నిటికంటే దిగులు పుట్టించేది ఈ తేల్చుకోకపోవడమే.

వీటన్నిటికంటే ముందు, ఆవిడతో నేరుగా మాట్లాడటమనేది ఇంకా మిగిలే ఉంది. ఇంతవరకు అంతా మేనమామగారి ద్వారానే నడిచింది. మీ అమ్మను తీసుకుని సత్యనారాయణపురం వెళ్లు. ల్యాప్‌టాప్ వద్దు, స్లైడ్లు వద్దు. ఆ రోజు ఆయన సంగతి గుర్తు లేకుండా మాట్లాడినందుకు బాధపడుతున్నానని ముందు చెప్పు. తర్వాత ఆవిడ చెప్పేది విను, ఎంతసేపైనా. వీలైతే ల్యాబు చూడ్డానికి రమ్మను. చాలా సంస్థలు ఫిబ్రవరి 28న సైన్స్ దినోత్సవం నాడు జనాన్ని లోపలికి రానిస్తాయి, అంతకంటే ముందే కావాలంటే గైడ్‌ను అనుమతి అడుగు. అద్దం అవతలి నుంచి నీ బల్ల, నీ క్యాబినెట్ చూసినా ఆవిడ ఊహించుకున్న భయం కాస్త తగ్గుతుంది.

ఆ అబ్బాయి గురించి ఒక మాట. అతను చెడ్డవాడని నాకు అనిపించలేదు, తల్లి బాధ చూడలేక సులువైన దారి చూపించాడు. కానీ "అమ్మా, ఆ అమ్మాయి చేసే పని నాకు తెలుసు, నాకు భయం లేదు" అని ఆవిడతో చెప్పాల్సింది అతనే. అలా చెప్పాలంటే ముందు అతనికి నీ పని తెలియాలి. తెలుసా? ఇప్పటివరకు నువ్వు చెప్పావా, అతను అడిగాడా? ఉత్తరంలో ఎక్కడా లేదు. ముందు అతనికి చెప్పు, అర్థమయ్యే దాకా. విన్నాక కూడా తల్లి ముందు ఆ ఒక్క మాట అనలేకపోతే, నువ్వు ఆలోచించుకోవాల్సింది అత్తయ్యగారి గురించి కాదు.

ఇంకొకటి గమనించు. నువ్వు వివరంగా చెప్పాక ఆవిడ జబ్బు గురించే కొత్త ప్రశ్నలు అడుగుతుంటే, అదే ప్రశ్న పదిసార్లు అడిగినా, అది భయమే, ఓపిక పట్టు. అలా కాకుండా మాట "ఆడపిల్లకు ఇంత చదువెందుకు", "రాత్రి ఏడు దాటాక ల్యాబేంటి" అన్న వైపు మళ్లితే, అక్కడ వైరస్ సంగతి అయిపోయినట్టే. దానికి స్పైక్ ప్రొటీన్ గురించి ఎంత చెప్పినా లాభం లేదు. అప్పుడు మాట్లాడాల్సింది నీ చదువు గురించి, నీ జీవితం గురించి, ఇరువైపుల పెద్దల సమక్షంలో.

వెళ్లే ముందు ఒక పని చెయ్యి. నీ ల్యాబు ఏ స్థాయిదో, నీ బల్ల మీదకు వచ్చేవి ఏమిటో, రానివి ఏమిటో, ల్యాబు నుంచి బయటికొచ్చేటప్పుడు వరసగా ఏమేం చేస్తావో ఒక తెల్లకాగితం మీద తెలుగులో రాయి. గైడ్‌కు ఒకసారి చూపించి, తప్పులుంటే దిద్దుకో. ఆ కాగితం ఆవిడ దగ్గరే వదిలిపెట్టి రా. టీచరుగా చేసిన మనిషి, కచ్చితంగా చదువుతారు, ప్రశ్నలు ఆ రోజు కాకపోయినా రెండు రోజుల తర్వాత వస్తాయి. కింద నీ ఫోన్ నంబరు వేసి, ఏ అనుమానమొచ్చినా మేనమామగారికి కాకుండా నీకే చెయ్యమను.